మబ్బు లేని నెల నాకు తెలుసు

మీ ఇంట్లో గోడ మేకుకు వేలాడే పంచాంగం ఏ ఊరి సూర్యోదయానికి లెక్కగట్టిందో మీరు ఎప్పుడైనా చూశారా?

చూసి ఉండరు. నేను చూశాను. మా బావ ఇంట్లో ఉన్నదాని మొదటి పుటల్లోనే చిన్న అక్షరాల్లో ఉంది, గోదావరి ఒడ్డున ఒక పట్టణం పేరు. మా బావ ఉండేది మలేసియాలో, ఇపోలో. ఆ పట్టణానికీ ఇపోకీ మధ్య ఒక సముద్రం ఉంది, రెండున్నర గంటల గడియారం తేడా ఉంది. అయినా బావ ఆ పుస్తకం చూసే గోళ్ళు తీసుకుంటాడు, కారు సర్వీసుకు ఇస్తాడు, పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్తాడు. ఆంధ్ర నుంచి కొత్తగా వచ్చే ఐటీ ఉద్యోగులను బతిమాలి ఉగాదికి ముందే తెప్పించుకుంటాడు. పసుపు గుడ్డలో చుట్టి టీవీ పక్కన పెడతాడు. గుడి కమిటీలో ఆయనకు ఎంత పేరంటే, ముహూర్తం ఏదైనా ముందు ఆయన చూసి సరేనన్నాకే పూజారి తన పుస్తకం తెరుస్తాడు.

ఆ పంచాంగంలో ఆరు ఋతువులు ఉన్నాయి. ఇపోలో ఒక్కటీ లేదు. ఏ నెలైనా మధ్యాహ్నం నాలుగయ్యేసరికి సున్నపురాయి కొండల వెనక నుంచి మబ్బు లేస్తుంది, ఉరుముతుంది, గంటసేపు దంచి కొట్టి వెళ్ళిపోతుంది. పంచాంగం గ్రీష్మమని చెప్పిన నెలలో వీధి కాలువలు పొంగుతాయి. వర్షర్తువని చెప్పిన నెలలో ఎక్కడో అడవులు తగలబడి, ఆ పొగ ఊరంతా పరుచుకుని, జనం మూతికి గుడ్డ కట్టుకుని తిరుగుతారు. పుస్తకాన్నీ కిటికీనీ ఒకేసారి తెరిచి చూడవలసిన అవసరం బావకు ఎన్నడూ రాలేదు. ఆయనకే కాదు, ఇక్కడ పుట్టిన మా తెలుగువాళ్ళలో చాలామందికి రాలేదు. శిశిరం అంటే ఏమిటో ఒంటికి తెలియకుండానే మా అమ్మమ్మ, మా అమ్మ సంకల్పంలో ఆ మాట వింటూ తల వంచి చనిపోయారు.

ఇలాంటి పుస్తకాన్ని పట్టుకుని మేము, టర్కీ దక్షిణ తీరంలో మధ్యధరా సముద్రం ఎప్పుడు నీలంగా ఉంటుందో తేల్చాం. ఎందుకు తేల్చవలసి వచ్చిందో చెప్పాలంటే బావ భార్య, మా అక్క గురించి చెప్పాలి.

మా ఇంట్లో అక్కను అప్ప అంటాం. తాతల నాడు విశాఖకు ఉత్తరాన ఉన్న పల్లెల నుంచి ఇక్కడి రబ్బరు తోటల పనికి ఓడెక్కినవాళ్ళు వెంట తెచ్చుకున్న మాటల్లో అదొకటి. మా నాన్న తోట వదిలి హుటాన్ మెలింటాంగ్ అనే ఊళ్ళో చేపల పడవలు మరమ్మతు చేసేవాడు. అక్కడ ఏరు సముద్రంలో కలుస్తుంది, ఆ సముద్రం పాలు పోసిన టీలా ఉంటుంది. అప్ప, నేను ఆ రంగు చూస్తూ పెరిగాం. అమ్మ పోయాక నన్ను పెంచింది అప్పే. నన్ను చదివించడానికి ఇపో వెళ్ళి చేతి తొడుగుల ఫ్యాక్టరీలో చేరింది. తెల్లని దీపం ముందు తొడుగును సాగదీసి పట్టుకుని, ఎక్కడైనా సూదిమొనంత చిల్లు ఉందా అని చూడడం ఆమె పని. ముప్పై ఏళ్ళకు పైగా ఆ పనే చేసింది. పని మానేసిన ఏడాదికి డాక్టరు చెప్పాడు, కంట్లో ఒత్తిడి పెరిగి నరం ఎండిపోతోందని. ఆ జబ్బులో చూపు అంచుల నుంచి మూసుకుంటూ వస్తుంది. గొట్టంలోంచి చూసినట్టు మధ్యలో కొంత మిగులుతుంది, తరువాత అదీ పోతుంది. మందు చుక్కలు వేగాన్ని తగ్గిస్తాయే తప్ప పోయినదాన్ని తెచ్చివ్వవు. ఎంతకాలం అని అప్ప అడిగితే ఆయన సూటిగా చెప్పలేదు. చూడాలనుకున్నవి ఏవైనా ఉంటే ఈ ఏడాదే చూసెయ్యమ్మా అన్నాడు.

ఆమె చూడాలనుకున్నది ఒక్కటే, అది ఆమె తలకెక్కించింది నేనే.

కౌలాలంపూర్‌లో ఒక ప్రయాణాల వెబ్‌సైటుకు నేను రాసేవాణ్ణి. సముద్రతీరపు ఊళ్ళకు నెలవారీ వాతావరణం రాయడం నా పని. ఏ నెలలో ఎండ ఎంత, వాన ఎన్ని రోజులు, నీళ్ళ వెచ్చదనం ఎంత, వెళ్ళదగిన నెల ఏది, మానుకోవలసిన నెల ఏది. నేను కాలు పెట్టని తీరాల గురించి, నన్ను ఎన్నడూ చూడని మనుషుల కోసం, ఇంగ్లీషులో. ఒకసారి ఇపో వెళ్ళినప్పుడు ఆ టర్కీ ఊరి ఫొటో అప్పకు చూపించాను. జులై మిట్టమధ్యాహ్నం తీసినది. సముద్రం ఒక నీలం, ఆకాశం ఇంకో నీలం, రెండింటి మధ్య కత్తితో కోసినట్టు గీత. అప్ప ఫోను ముఖానికి దగ్గరగా తెచ్చుకుని, ఇటూ అటూ జరుపుతూ చాలాసేపు వెదికింది.

"మబ్బేదిరా?" అంది.

"లేదు."

"ఫొటోలో తీసేసినారా?"

"లేదప్పా. ఆ నెలల్లో అక్కడ మబ్బు పట్టదు."

"రోజంతా?"

"వారాల తరబడి."

ఆమె నమ్మలేదు. మబ్బు బొత్తిగా లేని ఆకాశాన్ని ఆమె పుట్టాక చూడలేదు. మీకు ఇది వింతగా ఉండవచ్చు. మా దగ్గర ఎంత ఎండ కాసినా ఆకాశంలో ఏదో ఒక మూల తెల్లగా కుప్ప పడి ఉంటుంది. పక్కింటామె లంకావి దీవికి వెళ్ళవచ్చు కదా, నీలంగానే ఉంటుంది అంటే అప్ప చెప్పిన జవాబు నాకు గుర్తుంది. "ఎల్లినాను. కింద నీలవే. పైన ఎవలో గుడ్డలారేసి మర్సిపోయినట్టుంటాది." ఆమెకు కావలసింది పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్క గుడ్డా ఆరేయని ఆకాశం. ఒక్క రోజు దాని కింద కూర్చోవాలి. చూపు ఉండగా.

ఉగాది వెళ్ళిన రెండో ఆదివారం నేను రైలెక్కి ఇపో వెళ్ళాను. చేపల పులుసుతో అన్నం తిన్నాక బావ చేతులు కడుక్కుని వచ్చి పసుపు గుడ్డ విప్పాడు. నేను ఫోనులో నా పట్టిక తెరిచాను. 

"మే నెల చివర గానీ జూన్‌లో గానీ వెళ్ళాలి," అన్నాను.

"శుక్ర మౌఢ్యం," అన్నాడు బావ, పుట తిప్పకుండానే.

"శుక్రుడు సూర్యుడి వెనక్కి వెళ్తే మనకు కనిపించడు. అంతే కదా బావా. దానివల్ల విమానానికి ఏమవుతుంది?"

"ఇమానానికేటీ అవదు. ఎక్కినోడికవుతాది."

"జులై?"

"ఆషాఢం."

"ఆగస్టు మరీ ఎండ. పోనీ అదైనా సరే."

"శ్రావణం. శుక్రారాలు గుడి ఎవలు సూత్తారు, నువ్వొచ్చి సూత్తావేటి?"

"సెప్టెంబరు. అన్నిటికన్నా మంచి నెల. నీళ్ళు వెచ్చగా ఉంటాయి, జనం పలచబడతారు, ఆకాశం అలాగే ఉంటుంది."

"మహాలయ పక్షం. పోయినోల్లకి నీల్లొదిలే రోజుల్లో నువ్వు నీల్లల్లో ఈతకెల్తావురా?"

అప్ప నవ్వింది. నాకూ నవ్వు రావలసింది. పట్టికలో మంచి నెలలన్నీ పంచాంగంలో చెడ్డ నెలలుగా వరసకట్టి నిలబడ్డాయి. అక్టోబరు అంటే మొదట నవరాత్రులు, ఆ వెంటనే దీపావళి, పండగ ముందు ఇల్లు ఎలా వదులుతాం అన్నాడు. మరెప్పుడు అని అడిగాను.

"కార్తీకం," అన్నాడు. వేలితో పుట మీద కొట్టాడు. "శరదృతువు. వానలు పోయి ఆకాశం తేటపడతాది. నీరు అద్దంలాగుంటాది. మన పెద్దోల్లు ఊరికే రాసినారేటి?"

"అది నవంబరు బావా. మీ పెద్దలు రాసింది గోదావరి మీది ఆకాశం గురించి. మధ్యధరా తీరంలో వానలు మొదలయ్యేదే అప్పుడు. ఆ తీరమంతా వేసవి పొడి, చలికాలం తడి. మనకు తెలిసిన లెక్కకు పూర్తిగా తిరగేసి ఉంటుంది. సముద్రం కూడా చల్లబడుతుంది."

"ఇదిగో, పుస్తకం బాస మొదలెట్టినాడు," అని బావ అప్ప వైపు చూశాడు. "సముద్రం సల్లబడడమేటి లా? ఫ్రిజ్జులో ఎట్టినారా?" ఆ 'లా' మలేసియాలో అందరం మాట చివర తగిలించేది.

అప్ప మళ్ళీ నవ్వింది. ఆ నవ్వుకు కారణం మూర్ఖత్వం ఒక్కటే కాదని ఇప్పుడు తెలుస్తోంది. మా ఊళ్ళో సముద్రం ఏ నెలలో కాలు పెట్టినా ఒంటి వేడికి దగ్గరగానే ఉంటుంది. నీళ్ళకు కూడా కాలం ఉంటుందని, అదే తీరం ఒక నెలలో స్వర్గమై ఇంకో నెలలో తలుపులు మూసుకుంటుందని మాకు ఎవరు చెప్పారు? ఎండకు గాని వానకు గాని ఆరు నెలలు ఎదురు చూసిన అనుభవం మా వంశంలో మూడు తరాలుగా లేదు. ఓపిగ్గా చెప్పి ఉంటే బావకు అర్థమయ్యేదేమో. పడవ పని తెలిసిన ఇంటి అల్లుడు, గాలి సంగతి వినేవాడేమో.

నేను చెప్పలేదు. నన్ను చూసి నవ్వారు కాబట్టి మాటతో కొట్టాను.

"ముహూర్తం చూసుకునే కదా మీరిద్దరూ పెళ్ళి చేసుకున్నారు," అన్నాను. "పిల్లలేరి బావా?"

అప్ప పంపిన డబ్బుతో విశాఖలో నాలుగేళ్ళు చదువుకున్నప్పుడు సాయంత్రాలు హేతువాదుల సభలకు వెళ్ళేవాణ్ణి. జాతకాల మీద, శకునాల మీద, కులం మీద వాదించడం అక్కడే నేర్చాను. ప్రత్యర్థి జీవితంలోంచే ఒక వాస్తవం తీసి వాడి ముందు పెడితే వాడికి నోరు లేవదని అక్కడ ఒకరికొకరం చెప్పుకునేవాళ్ళం. నిజమే, బావకు నోరు లేవలేదు. అయితే ఆ వాస్తవం బావ ఒక్కడి జీవితంలోది కాదు. అప్ప కంచాలు పోగుచేసుకుని లోపలికి వెళ్ళిపోయింది. వెళ్తూ తలుపు చెక్కకు భుజం తగిలించుకుంది, ఆ పక్క చూపు అప్పటికే లేదు.

బావ పుస్తకాన్ని గుడ్డలో చుట్టాడు. "నా ఇంటి మనిసి మౌఢ్యంలో గుమ్మం దాటదు," అన్నాడు. అప్పటిదాకా అది ఆయన అభిప్రాయం. నా ప్రశ్న తరువాత అది పంతమైంది.

వంటింట్లోకి వెళ్ళాను. అప్ప కుళాయి విప్పి కంచాలు కడుగుతోంది. నా అడుగు విని, తల తిప్పకుండా అడిగింది.

"తమ్మా. ఆయన్నొదిలెయ్యి. నువ్వు సెప్పు. కార్తీకంలో ఎల్తే నాకది అగుపడతాదా?"

ఇక్కడ ఆగాలి. ఈ ప్రశ్నకు జవాబు ఒక్క ముక్క. "కనబడదప్పా, సెప్టెంబరులో నేను తీసుకెళ్తాను, బావను నేను ఒప్పిస్తాను." వెబ్‌సైటులో ఆ ఊరి పుట రాసింది నేనే. నవంబరు కింద ఏమి రాశానో నాకు కంఠతా వచ్చు: వర్షకాలం మొదలు, చాలా హోటళ్ళు మూసేస్తారు, నీలం సముద్రం కోసం వచ్చేవారు ఈ నెలను మానుకోవాలి. ముక్కూ మొహం తెలియనివాళ్ళకు చెప్పాను ఆ మాట. నన్ను పెంచిన మనిషి అడిగితే చెప్పలేదు.

"మీ ఆయన పుస్తకం చూసి చెప్పాడు కదా," అన్నాను. "వెళ్ళి చూద్దాం."

ఆమె ఒక కంచాన్ని రెండుసార్లు కడిగింది. "సెరి," అంది. "నువ్వూ రా మరి."

ఎందుకు అలా అన్నానంటే, నాకు సాక్ష్యం కావాలి. బావను మాటలతో ఓడించాలని చూసి విసుగొచ్చింది. ఆయన పుస్తకం ఆయన కళ్ళ ముందు, ఆయన నెత్తి మీద, తడిసి ముద్దయిపోవాలి. ఆ తరువాత గుడి కమిటీలో కూర్చుని శరదృతువు అనే మాట ఆయన ఎలా పలుకుతాడో చూడాలి. ఎదుటివాణ్ణి తన వాదన చివరిదాకా నడవనివ్వు, గోతిలో వాడే పడతాడు అని నేర్చుకున్నాను. వాడి చెయ్యి పట్టుకుని ఎవరు నడుస్తున్నారో చూడమని ఎవరూ నేర్పలేదు.

కార్తీకం చివరి వారానికి టిక్కెట్లు నేనే తీశాను. టిక్కెట్లు తీసిన వారమే కేఎల్‌లో, అంటే కౌలాలంపూర్‌లో, ఒక కొట్లో రెయిన్‌కోటు కొనుక్కున్నాను. లోపల ఉన్ని గుడ్డ కుట్టిన మంచి రకం. నా కొలతకు ఒకటి. బ్యాగు అడుగున పెట్టి, పైన చొక్కాలు సర్దాను.

న్యాయానికి ఒక సంగతి ఒప్పుకోవాలి. నవంబరులో అక్కడ రోజూ వాన పడదు. ఎండ కాసే వారాలు కూడా ఉంటాయి, ఆ సంగతీ నా పుటలో రాశాను. అదృష్టం బాగుంటే అప్ప కోరిక తీరేది. విమానంలో ఆమె నా పక్కన, కాటన్ చీరలో, రబ్బరు చెప్పులతో, కొత్తగా కొన్న నల్ల కళ్ళద్దాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎండ ఎక్కువగా ఉంటుందని బావ కొనిచ్చాడు. ఏ దేవుడికీ ఎన్నడూ మొక్కని నేను ఆ సీట్లో కూర్చుని వాన పడాలని కోరుకున్నాను.

పడింది.

టర్కీలో దిగాక అంటాల్యా విమానాశ్రయం నుంచి రెండు గంటలు కారులో వెళ్ళాం, దారి పొడుగునా అద్దం మీద వైపర్లు ఆగలేదు. ఊరు చేరేసరికి మధ్యాహ్నం. వీధిలో కొట్లన్నీ మూసి ఉన్నాయి. ఇసుకలో వాలుకుర్చీలను గుట్టగా పేర్చి పైన టార్పాలిన్ కట్టేశారు. నారింజ చెట్లు మాత్రం నిండా కాసి, ఆ తడిలో, ఎవరికోసమో తెలియనట్టు వెలుగుతున్నాయి. మేము దిగిన చిన్న ఇంటి యజమానురాలు డెబ్బై ఏళ్ళ ఆవిడ. ఆ ఇల్లు మూయకపోవడానికి కారణం ఆమె అందులోనే బతకడం. మమ్మల్ని చూసి, ఫోనులో తన భాషలో ఏదో చెప్పి, ఫోను మా వైపు తిప్పింది. అది మాకు ఇంగ్లీషులో పలికింది: ఈ నెలలో నా పిల్లలే రారు, మీరెందుకు వచ్చారు?

బావ వసారా అంచు దాకా వెళ్ళాడు. ఆకాశం వైపు చూశాడు. "ఇయ్యాల ఒక్కరోజే," అన్నాడు అప్పతో. "రేపటికి తేటపడతాది."

మర్నాడు పొద్దున వాన ఇంకా గట్టిపడింది. దక్షిణం నుంచి గాలి. అయినా అప్ప సముద్రం చూస్తానంది. వసారాలో అందరం నిలబడ్డాం. బావ నెత్తిన తువ్వాలు చుట్టుకున్నాడు. అప్ప చీర కొంగు కప్పుకుని, మంచం మీది దుప్పటి భుజాల మీద వేసుకుంది. నేను బ్యాగు తెరిచి, చొక్కాలు పక్కకు తీసి, రెయిన్‌కోటు బయటికి లాగి తొడుక్కున్నాను.

అప్ప ఆ చప్పుడు విన్నది. ముఖం నా వైపు తిప్పి, గొట్టం గురిపెట్టినట్టు, నా భుజం, మెడ, చెయ్యి ఒక్కొక్కటే చూసింది.

"ఏటిది?"

"రెయిన్‌కోటు."

"ఇక్కడ కొన్నావా?"

నేను అవునంటే సరిపోయేది. ఆలోచిస్తున్నాను. ఆమె ఆగలేదు.

"ఈ ఊల్లో కొట్లన్నీ మూసేసున్నాయి గదా."

"కేఎల్‌లో కొన్నాను."

"ఎప్పుడు?"

"టిక్కెట్లు తీసినప్పుడు."

ఆమె దగ్గరికి వచ్చింది. కోటు చెయ్యిని రెండు చేతుల్లోకి తీసుకుని భుజం నుంచి అంచు దాకా సాగదీస్తూ వేళ్ళతో తడిమింది. ఫ్యాక్టరీలో తొడుగుల్ని అలాగే తడిమేది, కంటికి దొరకని చిల్లు వేలికి దొరుకుతుందని. అంచు దాకా వెళ్ళి ఆగింది.

"ఒకటే కొన్నావా?"

నేను రెండో చేత్తో కోటు మెడ గుండీ పెట్టుకున్నాను.

"చిల్లేటీ లేదు," అంది. "మంచిదే కొన్నావు." చెయ్యి వదిలేసి బావ పక్కకు వెళ్ళి నిలబడింది.

సముద్రం నీలంగా లేదు. ఊరి పక్క వాగు పొంగి కొండమట్టినంతా మోసుకొచ్చి అందులో కలుపుతోంది. దూరాన బూడిదరంగు, దగ్గర టీరంగు. అప్ప నీళ్ళ అంచున నిలబడి ముఖాన్ని మెల్లగా ఎడమ నుంచి కుడికి తిప్పింది, ఒక్కో ముక్క చూసుకుంటూ.

"ఇది మన నీరే గదా," అంది. "మెలింటాంగ్ నీరే."

బావ పంచె ఎగగట్టి మోకాలి లోతు దిగాడు. వెంటనే బయటికి గెంతాడు. ముఖం పాలిపోయింది. నేను నవ్వాను. గట్టిగా, గాలిలో వినిపించేంత గట్టిగా.

"ఫ్రిజ్జులో పెట్టారు బావా," అన్నాను.

ఇందుకోసమే ఏడు నెలలు కాచుకున్నాను. ఆయన నా వైపు చూడలేదు. నెత్తి మీది తువ్వాలు విప్పి, పిండి, అప్ప తలకు చుట్టాడు. అప్పటికే ఆమె దుప్పటి నీళ్ళు కారుతోంది. ఒడ్డున కొట్టుకొచ్చిన ప్లాస్టిక్ పట్టా ఒకటి దొరికితే తెచ్చి, రెండు చేతులతో ఆమె నెత్తి మీద ఎత్తి పట్టుకుని, మెట్ల దాకా అలాగే నడిచాడు. ఆయన చలికి వణుకుతున్నాడు. నేను పొడిగా ఉన్నాను. శాస్త్రం నా వైపు ఉంది.

మూడో రోజు మిట్టమధ్యాహ్నం మబ్బు ఒకచోట విడింది. ఇది చెప్పకపోతే నేను ఇంకోసారి దాచినవాణ్ణవుతాను. బావ వసారాలోంచి అరిచాడు. "రాయే, రా, అదిగో." ఆమె భుజాలు పట్టుకుని, తల వెనక్కి వంచి, సరిగ్గా అటు గురిపెట్టాడు. మబ్బుల మధ్య ఒక రంధ్రం, దాంట్లో నా ఫొటోలోని నీలం. ఆ క్షణంలో నా మనసులో కలిగింది చిరాకు. ఓడిపోతున్నానేమో అని. పావుగంట కూడా నిలవలేదు, గాలి మబ్బును మళ్ళీ లాగి కప్పేసింది, నా చిరాకు పోయింది. మిగతా రెండు రోజులూ వానే. అప్ప మంచం మీద దుప్పట్లు కప్పుకుని దగ్గుతూ గడిపింది. నల్ల కళ్ళద్దాలు కిటికీ గట్టున ఉన్నాయి, వాటిని తీసుకోవడం మరిచిపోయి వచ్చేశాం.

ఇపో తిరిగొచ్చాక పక్కింటామె ఎలా ఉందని అడిగితే అప్ప చెప్పింది: "కంచమంత సూసినాను. బాగుంది." ఆమె చూపు కూడా అప్పటికి కంచమంతే మిగిలింది, కాబట్టి ఆమె లెక్కలో అది నిండు ఆకాశమే కావచ్చని నాకు నేను కొన్నాళ్ళు చెప్పుకున్నాను. హేతువాదినని చెప్పుకునే మనిషి ఎంత తేలిగ్గా తన పంచాంగం తాను రాసుకుంటాడో గమనించండి.

ఇక బావ ఓడిపోయాడా? ఈ ప్రశ్న కోసమే కదా ఇదంతా. ఆ పుష్యంలో గుడి మెట్ల మీద ఆయన ఎవరికో చెబుతుంటే విన్నాను. "కార్తీకం కడపటి వారంలో ఎల్లినాం, అదే పొరపాటు. అమాస దగ్గర పడిపోయింది. పున్నమికి ముందెల్లుంటే ఆకాశం అద్దంలాగుండును." వింటున్నవాడు తల ఊపాడు. అంత వానా ఆ పుస్తకంలో ఒక్క అక్షరాన్ని తడపలేదు. నేను సాక్ష్యం అనుకున్నది వాళ్ళకు సంజాయిషీకి పనికొచ్చింది. ఒక మనిషి మిగిలిన చూపును పందెంగా ఒడ్డి నేను గెలిచినదాన్ని, గెలుపని ఒప్పుకునేవాడు ఈ భూమ్మీద నేను తప్ప ఒక్కడూ లేడు.

వాదన ఎవరితో ఉందో నాకు తెలుసు. పంచాంగం మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు. కాలం తెలియని పుస్తకం చేతిలో కాలాన్ని పెట్టి, మంచి నెలలన్నిటికీ తాళం వేసి, చెడ్డ నెలకు తలుపు తెరిచిన ఆ అలవాటును నేను చచ్చేదాకా తిడతాను. కాని పంచాంగానికి ఆ తీరపు వాన సంగతి తెలియదు. నాకు తెలుసు. తెలియక దారి తప్పించినవాడికన్నా తెలిసి నోరు మూసుకున్నవాడికే శిక్ష ఎక్కువ ఉండాలని విశాఖ సభల్లో నేనే చేయి ఊపి మాట్లాడాను. అప్పుడు దొంగ స్వాముల గురించి మాట్లాడాను లెండి.

తరువాతి జూన్‌లో ఇపో వెళ్ళాను. ఈసారి మౌఢ్యం లేదు, బావ కూడా అడ్డు చెప్పనన్నాడు. పద అప్పా, ఇప్పుడు వెళ్దాం అన్నాను. ఆమె ఇంటి ముందు అరుగు మీద కుర్చీలో కూర్చుని ఉంది. వెలుగూ నీడా తెలుస్తున్నాయి, అంతకన్నా ఏమీ లేదు. నా గొంతు వచ్చిన వైపు ముఖం తిప్పింది, కళ్ళు నా చెవి పక్కన ఎక్కడో ఆగాయి.

"ఇప్పుడెల్లి ఏటి సేత్తాను?" అంది. కోపం లేదు. మళ్ళీ తనే అడిగింది. "ఇప్పుడక్కడ మంచి నెలే గదా?"

"అవును."

"సూడు. మబ్బుందా?"

ఆ ఊరి తీరాన ఒక కెమెరా ఉంది, ఎవరైనా ఫోనులో చూడవచ్చు. తెరిచాను. వాలుకుర్చీలు వరసగా పరిచి ఉన్నాయి. నీళ్ళలో పిల్లలు ఉన్నారు. సముద్రం ఒక నీలం, ఆకాశం ఇంకో నీలం. మధ్యలో గీత.

"లేదప్పా. ఒక్కటీ లేదు."

"రోజంతా ఇలాగే ఉంటాదా?"

"రోజంతా."

ఇపో మీద నాలుగు గంటల మబ్బు కమ్ముకుంటోంది. దూరంగా ఉరిమింది. అప్ప రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. నవ్వుతున్నట్టే అంది:

"ఏటో లా. నువ్వు నిజం సెప్తున్నావో లేదో, నాకెలా తెలుస్తాది?"

ఫోను ఆమె ముఖం ముందుకు చాపాను, మళ్ళీ వెనక్కి తీసుకున్నాను. ఎన్ని సభల్లో మాట్లాడినా ఇది రుజువు చెయ్యడం నాకు రాలేదు. రాదు.

కాబట్టి ఈ పుట చదివి నన్ను తిట్టి పక్కన పెట్టకండి. లేవండి. మీ ఇంట్లో ఎవరో మంచి నెల ఏదని మిమ్మల్ని ఎప్పుడో అడిగే ఉంటారు, వైద్యానికో, చదువుకో, ప్రయాణానికో. ఇంకెవడో ఓడిపోవాలని మీరు జవాబు మింగి ఉంటారు. ఆ మనిషి ఏ గదిలో ఉన్నా వెళ్ళండి. ఎదుటివాణ్ణి గెలవాలని చూడకుండా, పాత దెబ్బలు తియ్యకుండా, మీకు తెలిసినదంతా తెలిసినట్టు చెప్పండి. రేపటికి వాయిదా వేయకండి. వాళ్ళు మీ ముఖం చూసి నిజమో కాదో తేల్చుకోగలిగినప్పుడే, ఇప్పుడే, వెళ్ళి చెప్పండి.